మూలబడిన వ్యాయామ యంత్రములు



నేడు నేను మాటలాడబోవు విషయము మొదట వినునప్పుడు మీకు దూరమైనదిగా దోపవచ్చును. హైదరాబాదు నగరమునకు పడమట మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ మున్నగు చోట్ల ఎత్తైన భవనములలో నివసించు ఉద్యోగులు పలువురు ఇంట వ్యాయామము చేసికొనుటకై యంత్రములు కొందురు. కొన్న కొన్ని వారములకే వానిని విడిచిపెట్టుదురు. అట్లు విడిచిన యంత్రముల నేమి చేయవలె ననునదే నేటి ప్రసంగము. "పొలము పనులలో నుండు మాకు దీనితో నేమి సంబంధము?" అని మీ రడుగవచ్చును. ఆ భవనములలో నున్నవారు పరులు కారు. వారు మీ కుమారులు, కోడండ్రు, కుమార్తెలు, అల్లుండ్రు. వారు పంపు రొక్కము మీ యూరికి వచ్చుచున్నది. వారి జబ్బు కబురును మీ యూరికే వచ్చుచున్నది. అంతియ గాదు, నగరములో చోటు చాలక ఆ యంత్రమే యొకనాడు బండి యెక్కి మీ వసారాకును రావచ్చును. కావున మనము దీనిని గూర్చి ఆలోచింపవలసి యున్నది.

ముందుగా ఆ సీమను గూర్చి రెండు మాటలు. ముప్పది యేండ్ల క్రిందట మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి యనునవి బండఱాళ్లకును చెఱువులకును నడుమనున్న పల్లెలు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు మాదాపూరున సైబర్ టవర్సు అను భవనమును ప్రారంభించిరి. నాటినుండి దేశదేశముల కంపెనీలు అచ్చట నెలకొన్నవి. 2003లో ఆ ప్రాంతమునకు సైబరాబాదు అను పేర వేఱుగా పోలీసు కమిషనరేటు ఏర్పడెను. 2019 మార్చిలో మెట్రోరైలు హైటెక్ సిటీవఱకు వచ్చెను. ఇన్ని వచ్చిన చోట ఒకటి మాత్రము పోయినది. అది నడక. ఇంటినుండి లిఫ్టులో దిగి, బండి యెక్కి, ఆఫీసులో మరల లిఫ్టెక్కి, కుర్చీలో కూర్చుండిన మనుష్యుడు ఎనిమిది తొమ్మిది గంటలు కంప్యూటరు తెఱను జూచుచు గడపును. అమెరికాలో పగలైనప్పుడు మనకు రాత్రి. అచ్చటివారితో మాటలాడవలసిన ఉద్యోగి రాత్రి ప్రొద్దుపోవువఱకు మేల్కొని, మనము పొలమునకు బయలుదేఱు వేళకు నిద్రించును. ఆకలి వేళయు తప్పినది, నిద్ర వేళయు తప్పినది.

దీని ఫలమును వైద్యులు లెక్కించియున్నారు. హైదరాబాదు విశ్వవిద్యాలయమునకును, ఏ.ఐ.జి. వైద్యశాలకును చెందిన పరిశోధకులు నగరములోని 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షించి, 2025లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్' అను శాస్త్రపత్రికలో ఫలితములు ప్రకటించిరి. వారిలో నూటికి 84 మందికి కాలేయమున క్రొవ్వు మితిమీఱి చేరియున్నది. నూటికి 71 మంది స్థూలకాయులు. వీరందఱు ఉద్యోగము చేయు వయస్సులో నున్నవారు. ఇది నగరమునకే పరిమితమైన బాధయు గాదు. భారత వైద్య పరిశోధన మండలివారి దేశవ్యాప్త పరిశోధన యొకటి 2023లో వెలువడినది. ఆ లెక్క ప్రకారము మన దేశమున మధుమేహము గలవారు 10 కోట్లకు పైబడిరి. ఆ వ్యాధి గుమ్మమున నిలిచినవారు 13 కోట్లకు పైగా నున్నారు.

వైద్యుడు పరీక్షాపత్రమును జూచి, "దినమునకు అరగంట నడువుము" అనును. ఆ మాట చెవిని బడగానే మన చిరంజీవి మొదట చేయు పని కొనుట. సెల్‌ఫోనులో బొమ్మలు చూచి, వాయిదాలమీద వెల చెల్లించి, ట్రెడ్‌మిల్లు అను నడకయంత్రమునో, కదలక నిలిచియుండు సైకిలునో, ఇనుప డంబెల్సునో ఇంటికి దెప్పించును. నడకయంత్రము వెల ఇరువది ముప్పదివేలు మొదలుకొని లక్షరూపాయలు దాటువఱకు గలదు. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను విధింపబడి వ్యాయామశాలలు మూతబడినవి. ఆగష్టులో మరల తెఱచుటకు అనుమతి వచ్చువఱకు ఇంటిలోనే వ్యాయామము చేయవలసివచ్చినవారు ఇట్టి యంత్రములను విరివిగా కొనిరి. నేడు మూలబడియున్న వానిలో ఆనాటివి పెక్కు.

మూలబడుట యను మాటను మన పెద్దలు ఊరక కల్పింపలేదు. ఆ యంత్రము మొదట హాలు నడుమ నుండును. నెల తిరుగకముందే గోడప్రక్కకును, అటుపిమ్మట పడుకగది మూలకును, తుదకు బట్టలాఱవేయు బాల్కనీకిని జేరును. దాని పిడులమీద తువ్వాళ్లు ఆఱుచుండును. పట్టామీద బియ్యపుబస్తా కూర్చుండును. దసరానాడు ఆయుధపూజలో ఇల్లాలు దానికిని పసుపు కుంకుమ పెట్టును. సంవత్సరములో మనుష్యుని చేయి దానిని భక్తితో తాకుట ఆ యొక్క దినమే. భోగినాడు పాతసామానును మంటలో వేయుదము గదా, ఇది ఇనుము, ప్లాస్టిక్కు, భోగిమంటకును పనికిరాదు. ఆఱడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల చోటు దానిది. చదరపుటడుగు లెక్కన అద్దె కట్టు ఆ యిండ్లలో, ఏ పనియు చేయని ఈ యతిథికై గృహస్థుడు నెలనెల అద్దె చెల్లించుచున్నాడు.

ఈ యంత్రము పుట్టుకయు వినదగినది. 1818 ప్రాంతమున ఇంగ్లండులో విలియం క్యూబిట్ అను ఇంజనీరు కారాగారములలోని ఖైదీలకై మెట్లు గల పెద్ద చక్రమును కల్పించెను. ఖైదీలు వరుసగా నిలిచి ఆ మెట్లను త్రొక్కుచుండ చక్రము తిరిగెడిది. ఎంత యెక్కినను పైకి పోవుట లేదు. కొన్నిచోట్ల ఆ చక్రము ధాన్యము విసరెడిది, నీరు తోడెడిది. కొన్నిచోట్ల ఊరకనే తిరిగెడిది. మన గానుగెద్దు బ్రదుకును మనుష్యునకు కట్టిపెట్టిన శిక్ష యది. 1898 నాటి కారాగార చట్టము పిదప అది అంతరించెను. తరువాతి కాలమున వైద్యులు నడకయంత్రమును హృదయపరీక్షకు వినియోగించిరి. అమెరికాలోని సియాటిల్ నగరమున రాబర్ట్ బ్రూస్ అను వైద్యుడు 1963లో ప్రకటించిన పద్ధతి నేటికిని మన ఆసుపత్రులలో టి.ఎం.టి. పరీక్ష యను పేర వాడుకలో నున్నది. మీలో కొందఱు ఆ పట్టాపై నడచియే యుందురు. కెన్నెత్ కూపర్ అను మఱొక వైద్యుడు 1968లో ప్రకటించిన 'ఏరోబిక్స్' అను గ్రంథమును చదివి, విలియం స్టాబ్ అను అమెరికా ఇంజనీరు సామాన్యులు ఇంట నుంచుకొనదగిన నడకయంత్రమును తయారుచేసెను. అతడు 2012లో తన 96వ యేట మరణించెను. వార్ధకమునను తాను చేసిన యంత్రముపై తాను నడచుచుండెను. కావున దోషము యంత్రమునది యని తీర్పు చెప్పుటకు వీలులేదు. అలవాటు గలవానికి అది మేలే చేసినది.

మఱి మన దేశమున వ్యాయామము లేకుండెనా? దండెములు, బస్కీలు, సాము, గరిడీ, కుస్తీ, కర్లాకట్ట త్రిప్పుట మన తాతలు ఎఱిగినవే. హైదరాబాదు పాతబస్తీలో తాలీంఖానాలు నేటికిని గలవు. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున వ్యాయామశిక్షకుడుగా నుండి, 1942లో కీర్తిశేషులైన కోడి రామమూర్తినాయుడుగారు తన ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనిన వృత్తాంతము మీకు దెలియును. వారి చేతి పరికరము లెన్ని? ఒక గోదా, నాలుగు కఱ్ఱలు, కొన్ని గుండ్లు. పరికరములు కొద్ది యైనను, మూడు మాత్రము పుష్కలముగా నుండెడివి: నేర్పు గురువు, తోడి సాధకులు, తప్పరాని వేళ. రానివానిని "నిన్న యేల రాలేదు?" అని అడుగువాడు గోదాలో నుండును. ఇంటిలోని యంత్రమునకు నోరు లేదు. అది ఎవ్వరినేమియు అడుగదు.

ఆయుర్వేదము చెప్పిన దానిని గూడ ఒక్కింత తలచుకొందము. సుశ్రుతుడు చికిత్సాస్థానమున ప్రమేహమునకు చికిత్స చెప్పుచు, వ్యాధి ముదిరినవారు వ్యాయామము, కుస్తీ, ఆటలు, ఏనుగు గుఱ్ఱముల స్వారి, కాలినడక మున్నగువానిని చేయవలెననెను. ధనము, చుట్టములు లేనివాడు చెప్పులు, గొడుగు విడిచి, ఊరికొక రాత్రి చొప్పున నిలుచుచు నూఱు యోజనములు నడువవలెనని చెప్పెను; బావి త్రవ్వుటయు నొక చికిత్సగా చెప్పెను. దీని నక్షరాల నేడు చేయుమని నేననను. చక్కెరజబ్బు గలవారికి కాళ్ల స్పర్శ తగ్గుచుండును గనుక చెప్పులు లేక నడచుట ప్రమాదము. గాని తాత్పర్యము గ్రహింపుడు. ఏమియు కొననవసరము లేని మందును ఆయన మొదటనే వ్రాసియుంచెను. అట్లే బలము గలవాడును తన శక్తిలో సగమే వ్యాయామమునకు వినియోగింపవలెనని వాగ్భటుడు హెచ్చరించెను. ఇచ్చట మన యువకుడు చేయునది తలక్రిందు. క్రొత్త యంత్రము వచ్చిన మొదటి వారము గంటసేపు పరుగెత్తును. రెండవ వారము మోకాలు నొచ్చును. మూడవ వారము తువ్వాలు ఆఱవేయును.

మా కుమారుడు కొండాపూరున నుండుటచేత నేను ఏటేట కొన్ని నెలలు అచ్చట గడుపుదును. ఆ భవనములో నే నెఱిగిన యొక యింటి సంగతి చెప్పెదను, పేరులతో పనిలేదు. గృహస్థునకు ముప్పదినాలుగేండ్లు. లాక్‌డౌను నాడు నడకయంత్రమును కొనెను. రెండేండ్లు గడచుసరికి దానిపై దుప్పటి కప్పబడెను. కంపెనీవారు చేయించిన పరీక్షలో చక్కెర బయటపడెను. అతని భార్య యంత్రమును అమ్మివేయుదమనును; అతడు "నలుబదివేలు పోసి కొంటిని, రేపటినుండి ఎక్కెదను" అనును. ఈ 'రేపు' మీద ఆ యింట పలుమాఱు మాటామాటా వచ్చెను. ఇంతలో కరీంనగరు ప్రాంతపు పల్లెనుండి అతని తండ్రి వచ్చెను. ఆయన రైతు. యంత్రమును ఒక ప్రక్కకు జరిపి చూచి, కుమారునితో నిట్లనెను: "నాయనా, బావి త్రవ్వించినందుకు పోసిన రూకలు తలచుకొని, ఎండిన బావికి ఎవ్వడును మోట కట్టడు. పోయిన సొమ్ము కొన్ననాడే పోయినది. నీవు రేపు తెల్లవాఱి నాతో పాలు తెచ్చుటకు రమ్ము." మఱునాడు తండ్రీకొడుకులు ఇరువురు పాలకు నడచి పోయిరి. తండ్రి యున్న నలుబది దినములు ఆ నడక తప్పలేదు. ఆయన ఊరికి పోవుచు, "నేను రోజు ఆఱింటికి ఫోను చేసెదను, నీవు వీధిలో నుండి పలుకవలెను" అని కట్టడిచేసెను. యంత్రమును అదే భవనమున నుండు, నిత్యము నడచు అలవాటు గల ఒక పెన్షనుదారునకు తక్కువ వెలకు ఇచ్చివేసిరి. వానలలో బయటికి పోలేని ఆయనకు అది నేడు పనిచేయుచున్నది. ఆ యువకునకు చక్కెర మాయమైనదని నేను చెప్పను. మందు మ్రింగుచునే యున్నాడు. గాని నడచుచున్నాడు.

ఈ కథలో నేను గ్రహించిన సారమిది. పనిముట్టు అను మాటలో పని ముందు, ముట్టు తరువాత. వ్రాయ నేర్చినవానికి కలము కొనిపెట్టుదుము. కలము కొన్నందున ఎవనికిని వ్రాత రాదు. అలవాటు కుదిరినవానికి యంత్రము తోడగును. అలవాటు లేనివానికి అది అప్పులవానివలె గుమ్మములో నిలిచి సిగ్గుపఱచును. ఆ సిగ్గే మఱింత కీడు చేయుచున్నది. దానిని చూచినప్పుడెల్ల "నేను చేయలేకపోతిని" అని మనస్సు క్రుంగి, నడకకును పోబుద్ధి గాదు. కావున మూలబడిన యంత్రమును వదిలించుకొనుట గృహమున చోటు కొఱకే గాక, మరల మొదలుపెట్టుటకును అవసరము.

అయితే అందఱును వదిలించుకొనవలెనా? కారు. రాత్రి పనిచేసి వచ్చు స్త్రీలు, పసిబిడ్డను విడిచి పోలేని తల్లులు, ఎండకును దుమ్మునకును తాళలేనివారు, వైద్యుని యాజ్ఞతో కొలతప్రకారము నడువవలసిన హృద్రోగులు, వీరికి ఇంటిలోని యంత్రము మేలు. హైటెక్ సిటీ వీధులలో కాలిబాట లేని చోట్లు గలవు. బండ్ల నడుమ వృద్ధుడు నడచుట క్షేమము గాదు. కావున నిర్ణయమునకు ఒక కొలత పెట్టుకొనుడు. మన వ్రతములకు మండలము గలదు గదా. గడచిన మండలము దినములలో ఆ యంత్రమును ఎన్నినాళ్లు ఎక్కితిరో నిజాయితీగా లెక్కింపుడు. పదునైదు దినములు మించిన యెడల ఉంచుకొనుడు. ఒకటి రెండు దినములైనచో మఱొక మండలము గడువిచ్చి, వేళ నిర్ణయించి ప్రయత్నింపుడు. అప్పటికిని కాకున్నచో ఆ నెలలోనే పంపివేయుడు. సంక్రాంతికి, ఉగాదికి అని వాయిదా వేయవలదు. ఏలయనగా వాడని యంత్రము విలువ నిలువదు. పట్టాక్రింద వేయవలసిన సిలికాను నూనె ఎండిపోవును, పట్టా బిగుసుకొనును, మోటారులో దుమ్ము చేరును, తీగెలను ఎలుకలు కొఱుకును. నేడు పదివేలకు పోవునది రెండేండ్లకు పాత ఇనుము వెలకు దిగును.

పంపివేయుటకు త్రోవలు నాలుగు. మొదటిది అమ్ముట. పాతవస్తువులను కొని అమ్ముటకు ఓ.ఎల్.ఎక్స్. వంటి వేదికలు ఫోనులో గలవు. అపార్టుమెంటు నివాసుల వాట్సాపు బృందములు అంతకన్న మేలు, ఏలయనగా కొనువాడు వచ్చి, ఎక్కి, నడచి చూచి కొనును. అమ్మువాడు కొన్ననాటి రసీదును, తాళపు బిళ్లను జాగ్రత్తగా అప్పగించి, లోపమున్న దాచక చెప్పవలెను. రెండవది దానము. దానమునకు పాత్రుడు కావలెనని మన శాస్త్రము. ఇచ్చట పాత్రుడనగా ఇదివఱకే వ్యాయామము చేయువాడు. భవనసంఘమువారి వ్యాయామశాలకు గాని, ఫిజియోథెరపీ చేయు చిన్న వైద్యునికి గాని ఇచ్చినచో పదిమందికి పనికివచ్చును. పాడైనదానిని దానమను పేర పంపుట దానము గాదు. మూడవది అద్దె. క్రొత్తగా మొదలుపెట్టువారు ముందు నెల అద్దెకు తెచ్చుకొని చూచుట మంచిది. నగరమున అద్దెకిచ్చు సంస్థలు గలవు. నాలుగవది, బాగుచేయుటకు వీలులేనిదానిని విడదీయించుట. భారత ప్రభుత్వము 2022లో చేసి, 2023 ఏప్రిలు 1 నుండి అమలుపఱచిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములలో, విద్యుత్తుతో నడచు వ్యాయామ, క్రీడాపరికరములును చేర్చబడినవి. కావున మోటారు గల యంత్రమును చెత్తకుప్పమీద వేయరాదు. తీగెలు కాల్చి రాగి తీయువారికి ఇయ్యరాదు. అనుమతి గల విడదీతదారులకే అప్పగింపవలెను. మోటారు లేని సైకిలు, ఇనుప గుండ్లు మాత్రము పాత ఇనుము బేరగానికి ఇచ్చినను దోషము లేదు. డంబెల్సు చెడునవి గావు. వానిని అమ్ముకొనుటకు తొందర యక్కఱలేదు.

పసిపిల్లలున్న ఇంట ఒక హెచ్చరిక. వాడని యంత్రము ఎవ్వరికిని హాని చేయదని తలపకుడు. మీట నొక్కినచో పట్టా కదలును; చిన్న వ్రేళ్లు దానిక్రింద చిక్కును. అమెరికాలో పెలోటన్ అను కంపెనీవారు 2021 మే నెలలో ఒక రకపు నడకయంత్రములను, సుమారు 1,25,000 సంఖ్యగలవానిని, వెనుకకు దీసికొనవలసివచ్చెను. ఒక బిడ్డ మరణించుటయు, పలువురు గాయపడుటయు దానికి కారణములు. కావున ఇంటనున్నంత కాలము ప్లగ్గును గోడనుండి ఊడదీసి, దానిని నడిపించు తాళపు బిళ్లను పిల్లలకు అందని ఎత్తున ఉంచవలెను. వృద్ధులు పట్టా కదలుచుండగా ఎక్కరాదు, దిగరాదు. రక్తపుపోటు, హృద్రోగము గలవారు వైద్యుని యడుగక అసలే ఎక్కరాదు.

ఇక మీ గ్రామమునకు వత్తము. "ఇక్కడ వృథాగా నున్నది, ఊరికి పంపెదను, నాయన నడుచును" అని కుమారుడు ఫోను చేసినప్పుడు, ప్రేమతో నన్నమాట యని సంతసించి వెంటనే సరే యనవలదు. మూడు ప్రశ్నలు వేయుడు. అది నేడు నడచుచున్నదా? చెడినచో బాగుచేయువాడు మన మండలకేంద్రమున నున్నాడా? కరెంటు హెచ్చుతగ్గులకు అది తట్టుకొనునా? ఈ మూటికిని సమాధానము లేనిచో, అది మీ యింటికి వచ్చి ధాన్యపు బస్తాల కాసరా యగును. అంతకంటె ప్రయోజనము లేదు. పొలముగట్టున నడచువానికి గదిలో నడకయంత్ర మెందుకు? డంబెల్సు, త్రాళ్లు, కుస్తీచాపలు వంటివి పంపుమనుడు. తెలంగాణములో 2022 జూను నుండి ఊరూర క్రీడాప్రాంగణములు ఏర్పఱుపబడినవి. మీ యూరి ప్రాంగణమున గడ్డి మొలచియున్నచో దానిని చెక్కించి, అట్టి సామానును బడిపిల్లలకును యువకులకును అచ్చట ఉపయోగింపజేయుడు. వ్యాయామోపాధ్యాయుడున్నచో ఆయన చేతి కప్పగింపుడు. పల్లెలోను ట్రాక్టరు, మోటారుసైకిలు వచ్చినపిదప నడక తగ్గినదని మీకు నేను చెప్పనక్కఱలేదు. అరుగుమీద కూర్చుండి నగరమువారిని నవ్వుటకు మనకు హక్కు తఱుగుచున్నది.

మీరు నగరమునకు బిడ్డల యింటికి పోయినప్పుడు చేయదగిన దొకటి గలదు. దానిని ఏ యంత్రమును చేయలేదు. మీ బిడ్డను వెంటబెట్టుకొని నడువుడు. కొండాపూరున బొటానికల్ గార్డెను గలదు. 2002 నాటి జాతీయక్రీడలకై సిద్ధపఱచిన గచ్చిబౌలి స్టేడియము గలదు. దుర్గంచెఱువు గట్టున నడకబాట గలదు. ఔటర్ రింగురోడ్డు ప్రక్క 23 కిలోమీటర్ల పొడవున, పైన సౌరఫలకల కప్పుతో, 2023 అక్టోబరులో సైకిళ్లకై తెఱచిన బాట గలదు. ఇవేవియు దగ్గఱ లేకున్నచో భవనము చుట్టు ప్రదక్షిణము చేయుడు. వారమునకు 150 నిమిషములు తక్కువగాకుండ చుఱుకుగా నడువవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2020లో చెప్పిరి. అనగా వారమున అయిదు దినములు, దినమునకు అరగంట. అఱువదియైదేండ్లు దాటినవారు దీనికి తోడు, తూలి పడకుండ నిలువద్రొక్కు అభ్యాసములును చేయవలెనని వారి మాట.

ఉపన్యాసములు చేసి బిడ్డలను నొప్పింపవలదు. "అంత సొమ్ము తగులబెట్టితివి" అను మాట మీ నోట రానీయకుడు. ఆ మాటను వాడు తనకు తానే దినదినము చెప్పుకొనుచున్నాడు. ముప్పదియైదేండ్ల వయస్సున మందుబిళ్లల పెట్టె తెఱచు బిడ్డకు కావలసినది నిందగాదు, తోడు. చిన్నతనమున వాని వ్రేలు పట్టుకొని బడికి నడిపించినవారు మీరే. వాడు నేడు మీకంటె పొడుగైనాడు, పెద్ద జీతము తెచ్చుచున్నాడు. అయినను ఉదయము ఆఱుగంటలకు తలుపు తట్టి "రా నాయనా, అట్లు పోయి వత్తము" అని పిలువగలవారు ఆ పదునాలుగంతస్తుల భవనమున మీరు తప్ప మఱొకరు లేరు.

శలవు.